కోడ్ శైలి నియమాలు: అనేక ప్రాజెక్టుల్లో నిర్వహణ

ప్రోగ్రాం ఏ పని చేయాలన్నది ఒక సంగతి, దాన్ని ఏ తీరున రాయాలన్నది మరో సంగతి. ఆ రెండో దానికి పెట్టుకునే కట్టుబాట్లనే కోడ్ శైలి నియమాలంటారు. లైను ఎంత లోపలికి జరగాలి, ఫ్లవర్ బ్రాకెట్ ఏ లైనులో పడాలి, పేర్ల మధ్య అండర్‌స్కోర్ పెట్టాలా లేక క్యాపిటల్ అక్షరంతో విడదీయాలా, లైను పొడవు ఎంత దాటకూడదు, ఇంపోర్టులు ఏ వరసలో ఉండాలి వంటివన్నీ ఇందులోకి వస్తాయి. చాలా భాషల్లో కంపైలర్‌కు వీటితో పనిలేదు. ఆరు నెలల తర్వాత అదే ఫైలు తెరిచి చూసే మనిషికి మాత్రం చాలా పని ఉంది.

ఒకే ప్రాజెక్టు, ఒకే టీము అయితే నలుగురూ ఒక పూట కూర్చుంటే తేలిపోతుంది. సంస్థలో ఇరవై ముప్పై కోడ్ రెపోలు (రిపాజిటరీలు) ఉండి, ఒక్కోదాన్ని ఒక్కో టీము ఒక్కో కాలంలో మొదలుపెట్టి, మనుషులు ఇటూ అటూ మారుతుంటే అసలు చిక్కు అప్పుడు మొదలవుతుంది. నియమం ఎక్కడ రాసి ఉంచాలి? దాన్ని మార్చే హక్కు ఎవరిది? మారిన నియమం మిగతా రెపోలకు ఎలా చేరుతుంది? పదేళ్ల నాటి కోడ్‌ను ఏం చేయాలి? ట్యాబ్ మంచిదా స్పేస్ మంచిదా అన్న తగవుకు దొరికినంత ప్రచారం ఈ ప్రశ్నలకు దొరకలేదు. నిజానికి బరువంతా వీటిమీదే ఉంది.

పంచ్ కార్డు నుంచి పెప్ 8 దాకా

తొలి రోజుల్లో శైలిని కార్డే నిర్ణయించేది. ఐబీఎం 1928లో తెచ్చిన పంచ్ కార్డులో 80 నిలువు గడులుండేవి. ఫోర్‌ట్రాన్ వాటిని పంచుకుంది: మొదటి 5 లేబుల్‌కు, 6వది పై లైను కొనసాగుతోందని చెప్పడానికి, 7 నుంచి 72 దాకా అసలు వాక్యానికి, మిగిలిన 8 కార్డుల వరస సంఖ్యకు. పెట్టె చేజారి కార్డులు చెల్లాచెదురైతే మళ్లీ వరసలో పేర్చుకోవడానికి ఆ సంఖ్యే దిక్కు. కార్డుల కాలం పోయినా ఆ 80 టెర్మినళ్ల వెడల్పులో బతికి, నేటికీ చాలా నియమావళుల్లో లైను పొడవుకు హద్దుగా నిలిచి ఉంది.

వాక్యాన్ని ఎక్కడైనా మొదలుపెట్టవచ్చన్న స్వేచ్ఛ ఆల్గాల్ వంటి భాషలతో వచ్చింది. స్వేచ్ఛతోపాటు తేడాలూ వచ్చాయి. 1974లో బ్రయాన్ కెర్నిఘన్, పి.జె. ప్లాగర్ కలిసి ప్రోగ్రామింగ్ శైలి మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. 1978లో కెర్నిఘన్, డెనిస్ రిచీల సీ భాషా గ్రంథం వచ్చాక అందులోని బ్రాకెట్ల అమరికకు ఆ ఇద్దరి పేర్ల మీదుగా ‘కె అండ్ ఆర్ శైలి’ అన్న పేరే స్థిరపడింది. ఆ రోజుల్లోనే బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ ‘లింట్’ అనే పరికరం రాశాడు. బట్టలకు అంటుకునే నూలుపీచును ఇంగ్లీషులో లింట్ అంటారు. కోడ్‌కు అంటుకున్న అలాంటి పీచును ఏరడం దాని పని. ఈనాటి లింటర్లన్నిటికీ ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. కోడ్‌ను తిరగరాసి సర్దిపెట్టే ‘ఇండెంట్’ అనే పరికరం 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో జనంలోకి వెళ్లింది.

ఒకే భాషలో రాసే రెండు పెద్ద సమూహాలు ఎంత దూరం జరగగలవో చూడాలంటే గ్నూ, లైనక్స్ కెర్నల్ నియమావళులు పక్కపక్కన పెట్టుకుంటే చాలు. రెండూ సీ భాషకే. గ్నూలో ఇండెంటేషన్ 2 స్పేసులు, బ్రాకెట్ కింది లైనులో, అదీ కాస్త లోపలికి. కెర్నల్‌లో ఇండెంటేషన్ ట్యాబ్‌తో, ఆ ట్యాబ్ విలువ 8. మూడు అంతస్తులకు మించి లోపలికి వెళ్లాల్సి వస్తే ప్రోగ్రామునే సరిదిద్దుకోమని లైనస్ టోర్వాల్డ్స్ రాసిన నియమావళి సూటిగా చెబుతుంది. అంటే అక్కడ ట్యాబ్ వెడల్పు కంటికి ఇంపు కోసం పెట్టింది కాదు, మెలికలు పెరగకుండా వేసిన కట్టడి. ఒక శైలి నియమం వెనక ఇలాంటి కారణం ఉంటే అది నిలుస్తుంది.

1990ల చివర్లో సన్ సంస్థ జావాకు తన నియమావళి వెలువరించింది. 2001 జులైలో గైడో వాన్ రోసమ్, బ్యారీ వార్సా పైథాన్‌కు ‘పెప్ 8’ రాశారు: 4 స్పేసులు, 79 అక్షరాల లైను. నిజానికి అది పైథాన్ ప్రామాణిక లైబ్రరీ కోసం రాసుకున్నది. లోకమంతా దాన్ని సొంత నియమావళిగా తీసుకుంది.

పట్టింపు దేనికి

2014 ఫిబ్రవరిలో ఆపిల్ తన ఐఫోన్ల ఆపరేటింగ్ సిస్టం 7.0.6 వెర్షన్ విడుదల చేసింది. సురక్షిత అనుసంధానంలో అవతలి సర్వర్ సంతకాన్ని సరిచూసే కోడ్‌లో దొర్లిన తప్పును దిద్దడానికి వచ్చింది అది. ఆ తప్పును దగ్గరగా చూడాలి. ఒక ‘ఇఫ్’ షరతు ఉంది. దాని కింద, లోపలికి జరిపి, ‘గోటూ ఫెయిల్’ అని ఒక లైను. ఆ కిందే, సరిగ్గా అంతే లోపలికి జరిపి, మళ్లీ ‘గోటూ ఫెయిల్’. ఇఫ్‌కు ఫ్లవర్ బ్రాకెట్లు లేవు. సీ భాషలో బ్రాకెట్లు లేని ఇఫ్‌కు వెంటనే వచ్చే ఒక్క వాక్యమే చెందుతుంది. కంటికి రెండూ షరతు కిందివే అనిపిస్తాయి. కంపైలర్‌కు మాత్రం రెండోది షరతుతో నిమిత్తం లేనిది. కాబట్టి అది ప్రతిసారీ నడిచి, సంతకం సరిచూసే మిగతా భాగాన్ని దాటేసి ఫంక్షన్ చివరికి దూకింది. అప్పటికి లోపాన్ని నమోదు చేసే వేరియబుల్ విలువ సున్నాయే గనక సంతకం సరిగానే ఉందన్న జవాబు బయటికి వచ్చింది.

బ్రాకెట్లు తప్పనిసరి అన్న నియమం ఉంటే ఆ లైను అక్కడ అంత హానికరం అయ్యేది కాదు. కోడ్‌ను సర్దిపెట్టే ఫార్మాటర్ నడిపి ఉంటే రెండో లైను ఎడమకు జరిగి, చూసినవాడికి వెంటనే తెలిసేది. 2016లో వచ్చిన జీసీసీ 6 కంపైలర్ ఇలా మోసపుచ్చే ఇండెంటేషన్ కనిపిస్తే హెచ్చరిక ఇవ్వడం మొదలుపెట్టింది.

పరిశోధనలు చెప్పేది ఇంత తేటగా లేదు. 1983లో మియారా బృందం జరిపిన పరీక్షలో 2 నుంచి 4 స్పేసుల ఇండెంటేషన్ ఉన్న కోడ్ బాగా అర్థమైందని తేలింది. 2019లో కంటి కదలికలను కొలిచి ఆ పరీక్షను మళ్లీ చేసినవారికి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 1984లో సోలోవే, ఎర్లిక్ ఇంకో కోణం చూశారు. అలవాటైన కట్టుబాట్లను తప్పి రాసిన ప్రోగ్రాములిస్తే, ఆరితేరినవారు కూడా కొత్తవారి స్థాయికి దిగిపోయారు. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ మూడోది. కట్టుబాటు ఏదన్నది కన్నా, చదివేవాడు ఎదురుచూసేదే ఎదురుకావడం ముఖ్యమని అది చెబుతుంది. ఒక రెపో నుంచి మరో రెపోకు మారే ఇంజనీరుకు ప్రతిరోజూ అనుభవమయ్యేది ఇదే.

దీనికి తోడు రివ్యూ బాధ ఉంది. మూడు లైన్ల దిద్దుబాటు చేసి ఫైలు సేవ్ చేస్తే, ఎడిటర్ తన సొంత అలవాటు ప్రకారం ట్యాబ్‌లన్నిటినీ స్పేసులుగా మార్చేస్తుంది. లేదా విండోస్ లైను ముగింపులు వచ్చి చేరతాయి. రివ్యూ చేసేవారి ముందు ఆ మూడు లైన్లు కాక పన్నెండు వందల లైన్ల మార్పు పడుతుంది. అందులో అసలు మార్పును వెతకడం గడ్డివాములో సూదిని వెతకడమే. విసిగి ‘ఓకే’ అనేసే రోజున అసలు బగ్ లోపలికి పోతుంది.

ఒక చోటి నియమం పది చోట్లకు

అందరూ మొదట చేసే పని కాపీ. బాగున్న ప్రాజెక్టు నుంచి సెట్టింగుల ఫైలును ఎత్తి కొత్త ప్రాజెక్టులో పెడతారు. మొదటి రోజు రెండూ కవలల్లా ఉంటాయి. ఒక నెలకు ఒక టీము లైను పొడవును 100 చేస్తుంది. ఇంకో టీము తొందర పనిలో ఒక నియమాన్ని ఆపేసి, మళ్లీ పెట్టడం మరిచిపోతుంది. ఏడాది తిరిగేసరికి ఒకే పేరున్న ఆ ఫైళ్లలో ఏది అసలుదో చెప్పగలవారు ఉండరు. కాపీ చేసిన నియమం ఎంతోకాలం నియమంగా మిగలదు.

అందుకు మందు, నియమాలను కూడా ఒక లైబ్రరీలా చూడటం. దానికి సొంత రెపో, వెర్షన్ సంఖ్య, మార్పుల చిట్టా ఉంటాయి. మిగతా ప్రాజెక్టులు దాన్ని వాడుకుంటాయి తప్ప కాపీ చేసుకోవు. జావాస్క్రిప్ట్ లింటర్ ఈఎస్‌లింట్‌లో (2013, నికొలస్ జకాస్) నియమాల మూటను ఎన్‌పీఎం ప్యాకేజీగా పంచవచ్చు. రూబీ లోకంలో రూబోకాప్ నియమాలను జెమ్ నుంచి వారసత్వంగా తీసుకుంటుంది. ప్రాజెక్టులో మిగిలేది రెండు మూడు లైన్ల ఫైలు: ఉమ్మడి నియమాల పేరు, వెర్షన్, తప్పనిసరి అయిన ఒకటో రెండో మినహాయింపులు. ఆ మినహాయింపుల పక్కన కారణం కూడా రాసి పెడితే తర్వాత వచ్చినవారు అనవసరంగా తలలు పట్టుకోరు.

ఈ పద్ధతికి మంచి నమూనా ఓపెన్‌స్టాక్. నాసా, రాక్‌స్పేస్ కలిసి 2010లో మొదలుపెట్టిన ఈ క్లౌడ్ సాఫ్ట్‌వేర్ ఒకే ప్రాజెక్టు కాదు, పైథాన్‌లో రాసిన అనేక ప్రాజెక్టుల సముదాయం. అందులో నోవా అనే ప్రాజెక్టు తొలి కమిట్‌లోనే ‘హ్యాకింగ్’ అన్న పేరుతో ఒక మామూలు పాఠ్యం ఫైలు ఉండేది. గూగుల్ పైథాన్ నియమావళి ఆధారంగా రాసిన మంచి మాటలవి. చదివి గుర్తుపెట్టుకోవడం మనుషుల పని, పట్టుకోవడం రివ్యూ చేసేవారి పని. తర్వాత ఆ మాటలను ఫ్లేక్8 లింటర్‌కు తగిలించే ప్లగిన్‌గా మార్చారు. ఒక్కో నియమానికి ఒక్కో సంకేతం వచ్చింది. ఉదాహరణకు ‘చేయాల్సిన పని’ అని కోడ్‌లో వ్యాఖ్య రాస్తే పక్కన రాసినవారి పేరు ఉండాలన్నది హెచ్101. ఆ ప్లగిన్ అన్ని ప్రాజెక్టులకూ ఉమ్మడి. నోవా వంటి ప్రాజెక్టులు తమకే పరిమితమైన తనిఖీలను దానికి అదనంగా చేర్చుకోవచ్చు. ఏ వెర్షన్ దాకా అంగీకరిస్తామో ప్రతి ప్రాజెక్టూ పైహద్దు రాసుకుంటుంది. లేకపోతే ఎక్కడో ఒక కొత్త నియమం విడుదలైన రాత్రి, ఎవరూ ఒక్క లైను మార్చకపోయినా తెల్లారేసరికి అన్ని ప్రాజెక్టుల బిల్డులూ విరిగి కూర్చుంటాయి.

ఈ వెర్షన్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది, కానీ కాదు. పెప్ 8నే చూడండి. పొడవైన లెక్కను రెండు లైన్లుగా విడగొట్టేటప్పుడు కూడిక గుర్తును పై లైను చివర ఉంచమని 2016 దాకా చెప్పింది. తర్వాత డొనాల్డ్ క్నూత్ సంప్రదాయాన్ని అనుసరించి, కింది లైను మొదట్లో పెట్టడమే మేలంటూ తన సలహాను తిరగేసింది. పాత తనిఖీ ఉన్న ప్రాజెక్టులో కొత్త సలహా ప్రకారం రాస్తే అది తప్పు. సీ, సీ++ కోడ్‌ను సర్దే క్లాంగ్-ఫార్మాట్ కూడా అంతే: వెర్షన్ మారితే అదే సెట్టింగుతో అదే ఫైలు కాస్త వేరుగా బయటికి రావచ్చు. అందువల్ల అందరి మెషీన్లలోనూ, బిల్డ్ సర్వర్‌లోనూ ఒకే వెర్షన్ ఉండాలి. శైలి మీద జరిగే గొడవల్లో చాలావాటికి మూలం అభిరుచి భేదం కాదు, వెర్షన్ భేదం.

సెట్టింగును పరికరం ఎక్కడ వెతుకుతుందో కూడా తెలిసి ఉండాలి. ఏ ఎడిటర్‌కైనా ఇండెంటేషన్ వంటి సెట్టింగులు చెప్పే ఎడిటర్‌కాన్ఫిగ్, తెరిచిన ఫైలు ఉన్న ఫోల్డర్‌లో మొదలుపెట్టి పైకి ఎక్కుతూ, ‘ఇదే మూలం’ అన్న గుర్తు దొరికేదాకా కనిపించిన సెట్టింగులన్నీ కలుపుకుంటుంది. దగ్గరున్నదానిదే పైచేయి. క్లాంగ్-ఫార్మాట్ దగ్గర్లో దొరికిన ఒక్క ఫైలుతో ఆగిపోతుంది, వారసత్వం కావాలని ప్రత్యేకంగా చెబితే తప్ప. ఈఎస్‌లింట్ చాలాకాలం ఫోల్డర్ల వెంట సెట్టింగులు కలుపుకుంటూ పోయింది. ఏ నియమం ఎక్కడి నుంచి వచ్చిందో వాడేవారికే అంతుపట్టక, 2024లో వచ్చిన 9వ వెర్షన్ నుంచి సెట్టింగులన్నీ ఒకే ఫైలులో ఉండే పద్ధతిని ప్రధానం చేశారు.

అన్ని ప్రాజెక్టులనూ ఒకే మహా రెపోలో పెట్టేవారికి ఈ చేరవేత సమస్యే ఉండదు. గూగుల్ రెపోలో 2015 జనవరి నాటికి సుమారు 200 కోట్ల లైన్ల కోడ్, 90 లక్షల సోర్స్ ఫైళ్లు ఉండేవి. భాషకొక నియమావళి, భాషకొక ‘రీడబిలిటీ’ అర్హత అక్కడి పద్ధతి. ఆ భాషలో అర్హత పొందినవారు రాయాలి, లేదా అలాంటివారు చూసి ఒప్పుకోవాలి.

పీహెచ్‌పీ వారి ఒప్పందం

ఒకే సంస్థలో పైనుంచి ఆజ్ఞ జారీ చేయవచ్చు. ఎవరికి ఎవరూ జవాబుదారీ కాని స్వతంత్ర ప్రాజెక్టుల మధ్య ఏం చేయాలి? పీహెచ్‌పీ లోకం దీనికి చూపిన దారి నిజంగా నేర్చుకోదగ్గది.

2009లో కొన్ని ఫ్రేమ్‌వర్కుల ప్రతినిధులు కలిసి పీహెచ్‌పీ-ఫిగ్ అనే బృందంగా ఏర్పడ్డారు. శైలి నియమావళి రాసే ముందు వారు చేసిన పని సభ్య ప్రాజెక్టులను అడగటం. మీరు ట్యాబ్ వాడతారా, 2 స్పేసులా, 4 స్పేసులా? క్లాసుకు బ్రాకెట్ అదే లైనులోనా, కింది లైనులోనా? లైను పొడవుకు హద్దు ఎంత? ఆ జవాబుల పట్టికను 2012లో ఆమోదించిన పీఎస్ఆర్-2 నియమావళికి అనుబంధంగా అచ్చంగా చేర్చారు. ఎక్కువమంది ఏం చేస్తున్నారో దాన్నే నియమం చేశారు. అందుకే అందులో క్లాసు, మెథడ్‌ల బ్రాకెట్ కింది లైనులో పడుతుంది, ఇఫ్ బ్రాకెట్ మాత్రం అదే లైనులో ఉంటుంది. తర్కం వెతికితే దొరకదు. వాడుక అలా ఉంది గనక అలా రాశారు. నియమాల గొప్పతనంలో లాభం లేదు, వాటిని అందరూ పంచుకోవడంలోనే లాభం ఉందని ఆ పత్రమే తన ముందుమాటలో ఒప్పుకుంటుంది. శైలి మీద నేను చదివిన వాటిలో ఇంత నిజాయితీగల మాట అరుదు.

అయితే ఆమోదం పొందిన పత్రాన్ని మార్చకూడదన్నది ఆ బృందం పద్ధతి. భాష ఆగదు కదా. 2015లో పీహెచ్‌పీ 7 వచ్చి, ఫంక్షన్ తిరిగిచ్చే విలువ రకాన్ని రాసే వీలు కల్పించింది. ఆ కోలన్‌కు ముందు స్పేస్ ఉండాలా వద్దా అన్నదానికి పీఎస్ఆర్-2లో జవాబు లేదు. 2019లో పీఎస్ఆర్-12 వచ్చి దాని స్థానం తీసుకుంది. మళ్లీ అదే ఇబ్బంది రాకుండా 2022లో ‘పెర్’ పేరుతో, ఎప్పటికప్పుడు సవరించుకోగల నియమావళిని తెచ్చారు. పదేళ్ల అనుభవం తర్వాత వారు చేరిన చోటు అదే: నియమావళికి కూడా వెర్షన్లు ఉండాలి. ఈ ఒప్పందం అందరినీ కలుపుకోలేదు. డ్రూపల్ 2 స్పేసులతోనే ఉంది, వర్డ్‌ప్రెస్ ట్యాబ్‌లతోనే ఉంది. ఆ రెండింటి ప్లగిన్లు రాసే మనవాళ్లు ఎందరో ఒకే రోజు రెండు పద్ధతుల్లోనూ రాస్తుంటారు. వారి చేతికి ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలు ఒక వరం.

ఫార్మాటర్లు తెచ్చిన ప్రశాంతత

2009లో గో భాషతోపాటు గోఫమ్ట్ వచ్చింది. రాబర్ట్ గ్రీజ్‌మర్ రాసిన ఈ ఫార్మాటర్‌లో శైలిని మార్చుకునే మీటలు లేవు. ఇండెంటేషన్ ట్యాబ్‌తో, అంతే. దాని శైలి ఎవరికీ అమితంగా నచ్చకపోయినా గోఫమ్ట్ అందరికీ ఇష్టమేనని రాబ్ పైక్ చెప్పిన మాట గో వాడేవారి నోళ్లలో నానుతూ ఉంటుంది. ప్రపంచంలో ఎక్కడి గో రెపో తెరిచినా కంటికి ఒకేలా కనిపించడం దానివల్లే.

అదే బాటలో 2017లో జావాస్క్రిప్ట్‌కు జేమ్స్ లాంగ్ ప్రెటియర్, 2018లో పైథాన్‌కు ఊకాష్ లాంగా బ్లాక్ తెచ్చారు. నలుపైతే చాలు, కారు ఏ రంగులోనైనా ఇస్తామని హెన్రీ ఫోర్డ్ అన్నట్టుగా చెప్పే మాట నుంచి బ్లాక్ పేరు వచ్చింది. దాని లైను పొడవు 88. ఇవి కోడ్‌ను చదివి, దాని నిర్మాణాన్ని వృక్షంగా మార్చుకుని, రాసినవారి అమరికను దాదాపుగా పక్కనపెట్టి మళ్లీ మొదటి నుంచి అచ్చు వేస్తాయి. లైనులో పడితే ఒకే లైను, పడకపోతే విడగొట్టు అన్న లెక్క వెనక డెరెక్ ఓపెన్ 1980లో ప్రచురించిన పద్ధతి, ఆ తర్వాత ఫిలిప్ వాడ్లర్ చేసిన పని ఉన్నాయి.

ఇవి వచ్చాక లింటర్, ఫార్మాటర్ పనులు విడిపోయాయి. స్పేసులు, కామాలు ఫార్మాటర్ చూసుకుంటుంది. వాడని వేరియబుల్, పట్టి వదిలేసిన ఎక్సెప్షన్ వంటివి లింటర్ చూసుకుంటుంది. 2023లో ఈఎస్‌లింట్ తన అమరిక నియమాలకు స్వస్తి పలుకుతున్నట్టు ప్రకటించడం ఈ విభజనకు ముద్ర వేసింది. అనేక ప్రాజెక్టులు నడిపేవారికి దీనివల్ల పెద్ద ఉపశమనం. పంచుకోవాల్సిన సెట్టింగుల్లో సగం మాయమయ్యాయి.

ఫార్మాటరే తన పద్ధతి మార్చుకుంటే? బ్లాక్ దీనికి ఏటా జనవరిని కేటాయించింది. ఆ విడుదలలో తప్ప మిగతా ఏడాది దాని అమరిక మారదు. రస్ట్ ఇంకా ఓపికగా ఆలోచించింది. అమరికను భాష ‘ఎడిషన్’తో ముడిపెట్టింది. 2024 ఎడిషన్‌కు మారిన ప్రాజెక్టుకు కొత్త అమరిక, మారనిదానికి పాతదే. అనేక ప్రాజెక్టులకు ఇంతకంటే మర్యాదైన పద్ధతి ఇంకొకటి నాకు కనిపించలేదు.

పాత కోడ్‌ను కదిలించడం

కొత్త నియమం తెచ్చిన రోజున పాత కోడ్‌లో వేల ఉల్లంఘనలు బయటపడతాయి. రెండు దారులున్నాయి. ఒకటి, ఒకే దెబ్బకు అంతా మార్చేయడం. మొజిల్లా 2018 నవంబరు చివర్లో ఫైర్‌ఫాక్స్ సీ++ కోడ్ మొత్తాన్ని క్లాంగ్-ఫార్మాట్‌తో గూగుల్ శైలికి మార్చింది. ఇలా చేసినప్పుడు ఆ కమిట్‌లో అమరిక మార్పు తప్ప ఒక్క అక్షరం కూడా వేరేది ఉండకూడదు. అప్పటికి తెరిచి ఉన్న పుల్ రిక్వెస్టులను ముందే మర్జ్ చేయాలి, లేదా ఆ బ్రాంచిలోనూ ఫార్మాటర్ నడిపించాలి. లేదంటే కాన్‌ఫ్లిక్టులతో ఒక వారం పోతుంది.

ఒకే దెబ్బకు మార్చడానికి చాలామంది జంకేది ‘బ్లేమ్’ పాడవుతుందని. ఏ లైను ఎవరు ఎందుకు రాశారో గిట్ చూపించే ఆ చరిత్రలో, అమరిక మార్చిన మనిషి పేరే అన్ని లైన్ల పక్కనా వచ్చి కూర్చుంటుంది. 2019 ఆగస్టులో వచ్చిన గిట్ 2.23 దీనికి విరుగుడు తెచ్చింది. పట్టించుకోనక్కరలేని కమిట్‌ల సంఖ్యలను ఒక ఫైలులో రాసి చూపితే, బ్లేమ్ వాటిని దాటి వెనక ఉన్న అసలు రచయిత దగ్గరికి వెళుతుంది. ఆ ఫైలును రెపోలోనే ఉంచుకోవచ్చు.

రెండో దారి, ఉన్నవాటిని లెక్క రాసి పక్కనపెట్టి, కొత్తవి రాకుండా చూడటం. రూబోకాప్ ప్రస్తుత ఉల్లంఘనలన్నిటినీ ‘చేయాల్సినవి’ అన్న ఫైలుగా తనే రాసిస్తుంది. నెలకు నాలుగైదు చొప్పున తీసేసుకుంటూ పోవచ్చు. ఎవరూ పెద్దగా ముట్టుకోని పాత ప్రాజెక్టుకు ఇదే సరైనది. పరీక్షలు లేని కోడ్‌ను శైలి కోసం కదిలించకూడదు.

తెలుగు పేర్లు, ఇంగ్లీషు అక్షరాలు

ఫార్మాటర్‌కు చిక్కని ప్రాంతం పేర్లది. అక్కడ తెలుగువారికి ఒక ప్రత్యేకమైన తిప్పలుంది. ప్రభుత్వ పథకాలకో, పంచాయతీ లెక్కలకో సాఫ్ట్‌వేర్ రాసేటప్పుడు కొన్ని పదాలకు ఇంగ్లీషు మాట నప్పదు. ‘పంచాయతీ’నే ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. ఆ ‘త’ను ఉత్తరాదివారు ఒక్క ‘టీ’తో రాస్తారు. మనవాళ్లు ‘టీ’ పక్కన ‘హెచ్’ చేరుస్తారు. చివర ‘ఐ’ ఒకరు పెడతారు, ఇంకొకరు పెట్టరు. ఒక సేవలో ఒక స్పెల్లింగు, దాన్ని పిలిచే ఇంకో సేవలో మరో స్పెల్లింగు. వెతికితే సగమే దొరుకుతుంది. ఏ లింటరూ దీన్ని తనంతట తాను పట్టదు. అన్ని ప్రాజెక్టులకూ ఒకే పదకోశం పెట్టుకోవాలి: ఈ తెలుగు పదానికి ఈ స్పెల్లింగు, అంతే. రెండు పేజీలకు మించదు. దిన పత్రికల్లో ఏ మాట ఎలా రాయాలో ముందే నిర్ణయించుకున్నట్టే ఇదీ.

నేరుగా తెలుగు లిపిలోనే రాస్తే? పైథాన్ 3 ఒప్పుకుంటుంది. కానీ ప్రామాణిక లైబ్రరీలో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలని పెప్ 8 చెబుతుంది, ప్రపంచమంతా వాడే ప్రాజెక్టులకూ అదే సలహా. గో భాషలో చిక్కు ఇంకా లోతైనది. ‘ధర’ అన్న పేరు చెల్లుతుంది, ‘నెల’ చెల్లదు. గో దృష్టిలో పేరులో అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే ఉండాలి. ఎత్వం, గుడి, కొమ్ము వంటి గుణింతపు గుర్తులను యూనికోడ్ అక్షరాలుగా కాక చేర్పు గుర్తులుగా లెక్కిస్తుంది. పైగా బయటి ప్యాకేజీకి కనిపించాలంటే పేరు క్యాపిటల్ అక్షరంతో మొదలు కావాలి. మన లిపిలో క్యాపిటల్ అక్షరాలే లేవు. లైను పొడవు లెక్కలోనూ తేడా వస్తుంది. ‘తెలుగు’ మనకు మూడు అక్షరాలు, పైథాన్ లెక్కలో ఆరు. తెలుగు సందేశాలున్న లైను స్క్రీను మీద సగం దాకానే వచ్చినా పొడవైపోయిందని లింటర్ గోల చేయవచ్చు. అలాంటి సందేశాలను వేరే ఫైళ్లలో పెట్టుకుని, వాటికి పొడవు నియమాన్ని మినహాయించడం మంచిది.

మినహాయింపులు, హద్దులు

బయటి నుంచి తెచ్చి రెపోలో పెట్టుకున్న లైబ్రరీ కోడ్ మీద మన ఫార్మాటర్ నడపకూడదు. నడిపితే రేపు దాని కొత్త వెర్షన్‌తో పోల్చుకోలేం. యంత్రం పుట్టించిన కోడ్‌కూ ఇదే వర్తిస్తుంది. ఈ రెండింటినీ మినహాయించే జాబితా ఉమ్మడి నియమాల మూటలోనే ఉండాలి.

తనిఖీ మూడు చోట్ల జరుగుతుంది: సేవ్ చేసినప్పుడు ఎడిటర్‌లో, కమిట్ చేసినప్పుడు హుక్‌లో, చివరికి బిల్డ్ సర్వర్‌లో. మొదటి రెండూ మన సౌకర్యానికి. ఎవరైనా వాటిని ఆపేసుకోవచ్చు. మూడోదే తీర్పు. సర్వర్‌లో తనిఖీ లేని నియమం కాగితం మీది నియమమే.

ఇక నియమాన్ని మార్చే హక్కు. ఉమ్మడి రెపోకు ఇద్దరో ముగ్గురో బాధ్యులుండి, ఎవరైనా మార్పు ప్రతిపాదించే వీలుండి, ఆ ప్రతిపాదనతోపాటు దానివల్ల ఏ ప్రాజెక్టులో ఎన్ని లైన్లు కదులుతాయో చూపాలన్న షరతు ఉంటే చాలు. లైన్ల లెక్క కళ్లెదుట కనిపిస్తే వట్టి అభిరుచితో వచ్చిన ప్రతిపాదనలు చాలావరకు ఆగిపోతాయి. అలాగని నియమాలు అసలు మారవని కాదు: లైనక్స్ కెర్నల్ కూడా 80 అక్షరాల హెచ్చరికను 2020లో 100కు పెంచింది. 80 మేలన్న మాట నియమావళిలో అలాగే ఉంది, పరికరం మాత్రం 100 దాటితేనే హెచ్చరిస్తుంది.

మనది కాని ప్రాజెక్టుకు ప్యాచ్ పంపేటప్పుడు ఈ ఉమ్మడి నియమాలేవీ మన వెంట రావు. ఆ ఫైలు ఏ తీరులో ఉందో ఆ తీరులోనే రాయాలి. ప్రాజెక్టుకు సొంత నియమావళి ఉండి, అది తనతో విభేదిస్తే, ఆ ప్రాజెక్టుదే చెల్లుతుందని పెప్ 8 తన ఉపోద్ఘాతంలోనే రాసుకుంది.